చల్లారేదాకా, మునిగేలోగా

పొద్దున. జలాశయం గట్టు మీద ఆమె. నీళ్ల మధ్యలో, ఇంటి పెరట్లో తయారుచేసుకున్న చిన్న విమానంతో ఆమె భర్త. చక్రాల బదులు దానికి కింద రెండు రేకు దోనెలు. మాటలు ఫోన్లో.

"కుడివైపు ఒరిగినట్టుందండీ. నా కళ్లకి అలా ఉందా, నిజంగానే ఒరిగిందా?"

"నీ కళ్లు బాగానే ఉన్నాయి."

"అంటే?"

"కుడి దోనెలోకి నీళ్లొస్తున్నాయి. కంగారు పడకు. కొద్దికొద్దిగానే."

"కంగారు పడనిదాన్ని కట్టుకోవాల్సింది మీరు. ఇంజను వేసి గట్టుకి వచ్చేయండి."

"వెయ్యలేను. కాగిపోయి ఉంది. వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటేసింది. లేపుదామని రెండుసార్లు పరుగెత్తించాను, చూశావుగా."

"చూశాను. కోడిపిల్ల గోడ ఎక్కబోయి కూలబడ్డట్టు కూలబడింది."

"అప్పటికే దోనెలో నీళ్లు చేరాయి. ఆ బరువుకి లేవలేదు. లేవకపోతే ఇంజనుకి గాలి తగలదు. గాలి తగలకపోతే చల్లబడదు."

"నిన్న అన్నం తింటూ ఏమన్నారు? ఇంజను సంగతి తేలిపోయింది, ఇక వేడెక్కదు అన్నారు."

"గాల్లో వేడెక్కదు."

"ఇప్పుడు గాల్లో లేరుగా."

"లేను."

"మెల్లిగా, నెమ్మదిగా, ఒక్కసారి వేసి చూడండి."

"పలకదే. పెట్రోలు గొట్టంలోనే మరిగి ఆవిరైపోతోంది. చల్లారేదాకా ఆగాలి. బలవంతం చేస్తే పట్టేస్తుంది, ఇక ఎప్పటికీ తిరగదు."

"చుట్టూ ఇన్ని నీళ్లు పెట్టుకుని చల్లార్చుకోవడం చేతకాదా? నాలుగు చెంబులు కుమ్మరించండి."

"వెలుగుతున్న లాంతరు గాజు మీద నీళ్లు చల్లితే ఏమవుతుంది?"

"పగులుతుంది."

"ఇదీ అంతే."

"నీళ్లు కావాల్సిన చోట పోయకూడదు. వద్దన్న చోటికి వాటంతట అవే వస్తాయి. బాగుంది మీ విమానం."

"మీ తమ్ముడేడి?"

"ఆ మలుపు దగ్గరికి పరుగెత్తాడు, చేపలవాళ్ల పడవ కోసం. పడవకి గొలుసేసి తాళం పెట్టి పెళ్లికి పోయారట వాళ్లు. సుత్తి పట్టుకుపోయాడు, తెంపుతానని."

"వాడికి ఫోన్ చెయ్యి."

"వాడి ఫోను నా చేతిలో పెట్టి పోయాడు."

"ఫోను లేకుండా పోయాడా?"

"మీ శిష్యుడేగా. తెలివికేం తక్కువ."

"ఇంకెవరూ లేరా గట్టు మీద?"

"నేనున్నాను. రెండు గేదెలున్నాయి. ముగ్గురం మీ వంకే చూస్తున్నాం."

"నవ్వించకు."

"నేను నవ్వడం లేదండీ. దూకేయండి. ఈదుకుంటూ వచ్చేయండి. మీకు ఈతేమన్నా కొత్తా? పెళ్లయిన కొత్తలో, ఏరు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈదేవాణ్ణని ఎన్నిసార్లు చెప్పారు?"

"రాలేను."

"ఎందుకు రాలేరు?"

"దీన్ని వదిలేసి ఎలా వస్తాను?"

"అదేమన్నా కన్నబిడ్డా? పోతే పోయింది. ఇంకోటి చేసుకుందురుగానీ. వద్దనను. అన్నన్నిసార్లు వద్దన్నాను కదా, ఇక అననండీ. మీరు రండి."

"రాలేనంటున్నాగా. ఆ మాట వదిలెయ్యి."

"రేకూ గుడ్డా కలిపి కుట్టిన దానికి ఉన్నపాటి విలువ మాకు లేదు."

"అలా అనకు. ఇవాళ ఒక్కరోజు అలా అనకు."

"సరే, అనను. జాకెట్టు ఉందిగా, మునగనివ్వని జాకెట్టు? వేసుకున్నారా?"

"ఉంది."

"వేసుకున్నారా అని అడిగాను."

"ఇక్కడే ఉంది."

"నారింజరంగుది కదా అది. నాకు మీ తెల్లచొక్కాయే కనబడుతోంది."

"ఉక్కగా ఉంటే తీశాను."

"ఎండే లేదు, ఉక్కెక్కడిది? వేసుకోండి."

"వేసుకుంటాలే."

"మీరు బయట నిలబడ్డారేం? లోపల కూర్చోవచ్చుగా."

"ఎడమ దోనె మీద నిలబడ్డాను. ఇటు నా బరువు పడితే అటు కుడిది కాస్త పైకి లేస్తుంది. దాని పైమూత నీళ్ల మీదికి వస్తుంది. నేను కదిలితే మూత మునుగుతుంది."

"మూతా? నీళ్లు మూతలోంచి వస్తున్నాయా? అతుకుల్లోంచి కాదా?"

"అతుకులు గట్టిగానే ఉన్నాయి."

"ఉంటాయి. ఆ పరీక్ష చేసిన రోజు నేనూ ఉన్నానుగా. పెరట్లో బల్ల మీద పెట్టి, దోనె నిండా నీళ్లు పోసి, బయట ఎక్కడ చెమర్చితే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టింది నేనేగా. మళ్లీ మళ్లీ పూత పూశారు. ఆఖర్న చుక్క కూడా దిగలేదు."

"పైమూత దాకా పోయలేదు."

"ఏం?"

"నీళ్లు కింద కదా ఉండేది. పైనుంచి ఎక్కుతాయని ఎవరికి తట్టింది? ఇక్కడ అల లేచి మూత మీదుగా పోతోంది. పోయినప్పుడల్లా గుక్కెడు తాగుతోంది."

"ఆ మూత చుట్టూ మెత్తటి రబ్బరు ఉండాలి కదా, దోనెలు చేసినప్పుడు నాన్న వేసింది? తడిమి చూసి బుగ్గలా ఉందని నేను అన్నాను కూడా."

"అది తీశాను."

"తీసి?"

"ఇంజనుకి వేశాను. సిలిండర్ల మధ్యలోంచి పోవాల్సిన గాలి పైరేకు సందులోంచి దొంగలా జారిపోతుంటే అది కాగక ఏం చేస్తుంది? ఆ సందు మూయడానికి అంత మెత్తటి రబ్బరే కావాలి. మన దగ్గర ఉన్నది అదొక్కటే. మూతకి సైకిల్ ట్యూబు కోసి పెట్టాను."

"దుప్పటి తలకి లాగి కాళ్లు గాలికి వదిలారన్నమాట."

"అన్నమాట."

"ఓహో. అందుకా మొన్న మీ ఇద్దరికీ మాటలు లేనిది? నాన్న నాకు చెప్పనే లేదు. అడిగితే, 'నీ మొగుణ్ణి అడుగు' అన్నారు."

"నా దోనె గొంతు కోసి నీ ఇంజనుకి పోశావు కదయ్యా అన్నారు."

"మీరేమన్నారు?"

"ఏదో అన్నాను."

"ఏమన్నారు?"

"ఈత రానివాళ్లు దోనెలు చేస్తే ఇలాగే ఉంటుందన్నాను."

"పెద్దాయన్ని పట్టుకుని అంత మాట అన్నారా?"

"తప్పే. క్షమించమని అడిగాను కూడా."

"ఎప్పుడు? రాత్రి కంచం దగ్గర కూడా మీ మొహం చూడలేదాయన. పొద్దున్నే మీరు బండి మీద విమానాన్ని తీసుకుపోయాక, వెళ్లొస్తానని చెబుదామని వెళితే, దుప్పటి నిండా ముసుగు తన్ని పడుకుని ఉన్నారు. మొహం కూడా కనబడలేదు, పిలిచినా పలకలేదు. ఆ అలక తీరేది కాదనుకున్నాను."

"తీరింది."

"ఏమన్నారు?"

"ఏం లేదు. గాలి పెరిగింది ఇక్కడ."

"ఆ టకటకా చప్పుడేమిటి?"

"పంపు. నీళ్లు తోడుతోంది."

"అది చేత్తో కొట్టే పంపు కదా?"

"అదే. తోడుతున్నాను."

"మీరు ఎడమ దాని మీద ఉన్నారు. నీళ్లు కుడి దాంట్లో ఉన్నాయి."

"గొట్టం పొడుగ్గానే ఉంది."

"ఒక చేతిలో ఫోను, ఒక చేత్తో పంపు. పడిపోకుండా దేంతో పట్టుకున్నారు, పళ్లతోనా?"

"ఆనుకుని నిలబడ్డాను."

"ఇంట్లో బావిలోంచి రెండు బక్కెట్లు తోడమంటే నడుం పట్టేసిందంటారు. ఇంతసేపటి నుంచి కొడుతున్నారు, రొప్పు కూడా లేదు."

"ప్రాణం మీదికి వస్తే నడుం గుర్తుంటుందా?"

"ప్రాణం మీదికి వచ్చిందా?"

"మాటవరసకి అన్నానే."

"నీళ్లు నమలకండి. తోడుతుంటే తగ్గుతున్నాయా, లేదా?"

"తగ్గడం లేదు. పెరగడం నెమ్మదించింది."

"మూత చుట్టూ ఏదన్నా కుక్కరాదూ? గుడ్డ? గ్రీజు?"

"గ్రీజు పూశాను. తడిరేకుకి అంటదు. జేబురుమాలు చించి కుక్కాను. ఒక అల వచ్చి ఎత్తుకుపోయింది. చేయి అక్కడిదాకా చాచాలంటే ఆ పక్కకి వెళ్లాలి. ఆ పక్కకి వెళితే నా బరువుకి అది దిగుతుంది."

"మరి ఇంజను చల్లారాక వేయడానికైనా మీరు లోపలికి వెళ్లాలి కదా?"

"వెళ్లాలి."

"అప్పుడు ఇటు బరువు పోతుంది కదా?"

"పోతుంది."

"మరెలా?"

"అదే ఆలోచిస్తున్నాను."

"ముల్లు ఎక్కడుంది?"

"కాస్త దిగింది. ఇంకా ఎరుపులోనే ఉంది."

"దోనె?"

"అదీ కాస్త దిగింది."

"ఏమండీ, నేను దేవుణ్ణి ఏమని అడగను?"

"రోజూ అడిగేదే అడుగు."

"రోజూ చల్లగా చూడమని అడుగుతాను. ఇవాళ అది చాలదు. ఇంజను చల్లారాలంటే పొద్దు జరగాలి. పొద్దు జరిగితే దోనె నిండుతుంది. త్వరగా జరగమని అడగనా, ఆగమని అడగనా? ఇందాకటి నుంచి దణ్ణం పెట్టుకుందామని చూస్తున్నాను. నోట్లోంచి మాట రావడం లేదు."

"రెండూ అడుగు."

"ఒకే నోటితో రెండూ అడిగితే ఆయన మాత్రం ఏం చేస్తాడు?"

"మనకి తెలియదు కాబట్టేగా ఆయన్ని అడగడం."

"మీరా ఈ మాట అంటున్నది? నువ్వు దణ్ణాలు పెట్టు, నేను రివెట్లు పెడతాను అనేవారు."

"నా రివెట్లు అయిపోయాయే. నువ్వే పెట్టు."

"అలా మాట్లాడకండి. నేనే నీళ్లలోకి దిగేస్తాను."

"కూర్చో. మాట్లాడుతూ ఉండు. నీ గొంతు వినబడుతుంటే బాగుంది."

"అదిగో. అదిగోనండీ, పడవ. మలుపు తిరిగింది. తమ్ముడే. తెంపేశాడు."

"ఎంత పెద్దది?"

"చిన్నదే. వల వేసుకునే పడవ. ఒక్కడే తెడ్డు వేస్తున్నాడు. ఎదురుగాలి, ఒక బారెడు ముందుకొస్తే మూరెడు వెనక్కి పోతోంది."

"అందులో ఎంతమంది పడతారు?"

"మీరొక్కరు ఎక్కడానికి ఆ లెక్కలెందుకు?"

"ఊరికే అడిగాను."

"వాడూ, ఇంకొకరూ. అంతే. వాడు కాళ్లు ముడుచుకుంటే."

"ఒక్కరేనా?"

"ఏమైందండీ? గొంతు అలా ఉందేం?"

"ఏం లేదు. వాడు వచ్చేసరికి చాలా సేపు పడుతుంది."

"దోనె ఎంత దిగింది?"

"రెక్క కొస నీళ్లకి తగులుతోంది."

"దూకేయండి. నా మీద ఒట్టు. పిల్లల మీద ఒట్టు. పడవకి ఎదురు ఈదండి, వాడు అందుకుంటాడు. ఏం చూస్తున్నారండీ? దేని కోసం చూస్తున్నారు?"

"ఒట్లు పెట్టకు."

"మీకు మనసు ఉందా అసలు? నేనిక్కడ గడ్డి పీకుతూ కూర్చున్నాను. కళ్ల ముందు మునుగుతుంటే చూస్తూ కూర్చోవడానికా నన్ను రమ్మంది?"

"నిన్ను రమ్మన్నది ఎగురుతుంటే చూస్తావని."

"ఆగండి. నాన్నకి ఫోన్ చేస్తాను, తమ్ముడి ఫోన్లోంచి."

"వద్దు."

"ఆ మూత ఆయన చేసిందేగా. నీళ్లలో ఉండగా ఎలా బిగించాలో ఆయనకి తెలిసే ఉంటుంది. ఏదో ఒక ఉపాయం చెబుతారు."

"వద్దంటున్నానా. చెయ్యకు."

"అలిగారనా? అల్లుడి ప్రాణం మీదికి వచ్చాక అలకేంటి?"

"పడుకుని ఉంటారు. లేపకు."

"లేపుతాను. లేచి తిడితే నన్నే తిడతారు."

"చెప్పేది విను. ఫోన్ పెట్టెయ్యి. నీకు నేను తర్వాత అంతా చెబుతాను. ఒడ్డుకి వచ్చాక కూర్చోబెట్టి చెబుతాను."

"మోగుతోంది."

"కట్ చెయ్యి."

"మీరు లైన్లోనే ఉండండి. ఏమండీ, పంపు చప్పుడు ఆగిందేం? కొట్టండి. ఎందుకు ఆపారు? హలో. హలో, నాన్నా?"

"ఇప్పుడు కాదు అమ్మడూ. చేతిలో పంపుంది."