పక్కన కూర్చున్న అనసూర్యక్క

అక్కలారా, అన్నలారా, దవాఖాన సార్లూ, ఊళ్ళ నుంచి బస్సులెక్కి వచ్చిన పెద్దమనుషులూ, అందరికీ దండం. అనసూర్యక్క పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఇరవై ఏళ్ళు ఈ ధర్మ దవాఖానలో, మతి చెడినవాళ్ళ వార్డులో నర్సుగా పనిచేసిన మనిషి. ఆమె గురించి డాక్టర్లు చెప్పాలి గానీ, నేనేం చెబుతాను? అయినా మైకు నాకే ఇచ్చారు. నా పేరు ఉప్పలయ్య. కొత్తవాడలో జంపఖానాలు నేస్తాను. డెబ్బై ఆరులో ఆ వార్డులో రోగిని. ఇందులో సిగ్గేముంది?

నన్ను తాళ్ళతో కట్టి రిక్షాలో తెచ్చారు. ఎవరో చెవిలో తిడుతున్నట్టే ఉండేది. రెండు రాత్రులు కన్ను మూయలేదు. నీళ్ళు తాగమని కట్టు విప్పారు. అంతలో అక్క వెనుక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. చేతిలో ఉన్న స్టీలు గ్లాసుతో కొట్టాను. కనుబొమ చిట్లి నెత్తురు కారింది. వేరేవాళ్ళయితే ఏం రాసేవాళ్ళు? ప్రమాదకరమైన మనిషి, గదిలో పెట్టి తాళం వేయండి అని రాసేవాళ్ళు. అక్క వార్డు పుస్తకంలో ఏం రాసిందో బాగయ్యాక నేనే చదివాను. 'రెండు రాత్రులు నిద్ర లేదు. భయపడ్డడు. నేను ఎనుక నుంచి పోయిన. తప్పు నాదే.' చూశారా! దెబ్బ తిన్నదీ ఆమే, తప్పు ఒప్పుకున్నదీ ఆమే. ఆ పుస్తకం పట్టుకుని నేను చిన్నపిల్లవాడిలా ఏడ్చాను.

అట్లని అక్క మెత్తని మనిషి అనుకునేరు! అమ్మో! వార్డులో ఒకాయన ఉండేవాడు, పేరు చెప్పను. అరుపు లేదు, కేక లేదు. వచ్చినవాళ్ళకల్లా చేతులు జోడించేవాడు. ఇంటికి తీసుకుపోతామని చుట్టాలు వచ్చారు, డాక్టరు గారు సంతకానికి పెన్ను కూడా తీశారు. అక్క అడ్డం నిలబడింది. 'అరిచేటోన్ని చూసి భయపడకుండ్రి సారూ. ఈయన రోజు పొద్దుగాల తన తమ్ముని పేరే తీస్తాండు. ఒక్కడే పొలానికి పోతాండా, ఎప్పుడు పోతాండు అని అడుగుతాండు. జర ఆగుండ్రి' అన్నది. చుట్టాలు ఆమెను నోటికొచ్చినట్టు తిట్టారు. ఆ మాటలన్నీ పడింది. ఆయన మనసులో పగ దిగేదాకా, రెండు నెలలు ఆపించింది. ఇవాళ ఆ అన్నదమ్ములిద్దరూ కలిసే వ్యవసాయం చేస్తున్నారు.

పిచ్చి ఉన్నదా లేదా అన్నది కాదు అక్క అడిగేది. 'రాత్రి పండుకున్నడా? తిన్నడా? గోలీలు మింగుతాండా? తాగిండా? ఇంతకుముందు ఎవలనన్న కొట్టిండా? ఎవలి మీదనన్న పగ ఉన్నదా?' ఇవి అడగకుండా ఏ మనిషినీ మంచివాడనేది కాదు, చెడ్డవాడనేది కాదు.

నేను బాగై కొత్తవాడకు వస్తే ఏమైంది? మా మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేయాలి. చేతిలో పంజా ఉంటుంది, ఇనుప పళ్ళది, నూలును కొట్టి బిగించడానికి. 'పంజా వాని చేతికిస్తే మా తలకాయలు ఉంటయా?' అన్నాడు మా జత సాంబమూర్తి. పది మందిని అడిగాను. ఒక్కరూ రాలేదు. పని లేని నేత మనిషి బతికి ఏం లాభం?

అక్కకు ఆ మాట తెలిసింది. ముందు మా ఇంటిదాన్ని, యాకమ్మను, అన్నీ అడిగి తెలుసుకుంది. సెలవురోజున తెల్లచీరతో వచ్చి, కొంగు దోపుకుని నా పక్కన మగ్గం పలక మీద కూర్చుంది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా! పంజా నా చేతిలోనే ఉంది. వాడకట్టంతా వాకిట్లో నిలబడి చూసింది. ఆమెకు నేత రాదు, నేర్చుకునే ఓపికా లేదు. ఆమె నేసిందంతా వంకరటింకర. దాన్ని విప్పి మళ్ళీ నేయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ సంగతి ఆమెకు ఏనాడూ చెప్పలేదు. సాయంత్రం లేచి, 'సాంబమూర్తన్నా, నా నడుం వడ్డది. రేపటి సంది నువ్వు గూసో' అన్నది. కూర్చున్నాడు. ఇవాళ్టికీ నా పక్కనే నేస్తున్నాడు.

ఇప్పుడు నా భయం ఒక్కటే. అక్క పోయింది. ఇక మా పక్కన ఎవరు కూర్చుంటారు?

ఇవాళ పొద్దున రఘునాథపల్లి నుంచి లచ్చవ్వ అనే ఆమె తన తమ్ముడు పోశయ్యను తీసుకుని వచ్చింది. అక్క లేదన్న సంగతి పాపం ఆమెకు తెలియదు. పోశయ్య ఆ వరండాలో ఉన్నాడు, చేతులకు తాడుతో. మీరంతా దూరం జరిగి కూర్చున్నారు, చూస్తూనే ఉన్నాను. అక్క అడిగేవన్నీ నేను లచ్చవ్వను అడిగాను. నిద్రపోయాడు, తిన్నాడు, తాగుడు లేదు. ఎవరి మీదా ఇంతవరకు చెయ్యి ఎత్తలేదు, ఎవరి పేరూ తీయడం లేదు. మరి తాడెందుకమ్మా అంటే, 'కట్టకుంటె జీపు డ్రైవరు ఎక్కనియ్యనన్నడే అన్నా' అన్నది. డాక్టరు గారు కూడా చూసి, విప్పవచ్చు అన్నారు. అన్నారు గానీ, ఒక్కరూ లేవలేదు.

నేను ఇప్పుడు పోయి విప్పుతాను. ఆయనను తీసుకొచ్చి ఇక్కడ, నా ఎడమ పక్కన నిలబెట్టుకుంటాను. ఆయనకు అవతలి పక్కన ఇంకో మనిషికి చోటుంది. మీలో ఎవరు వస్తారో రండి. వచ్చినాక అందరం లేచి, అనసూర్యక్కను తలుచుకుని, రెండు నిమిషాలు మాట లేకుండా నిలబడదాం.