ఎనిమిది మందికి గుమ్మడికాయ కూగెల్

2006 క్రిస్మస్ మధ్యాహ్నం. గల్ఫ్‌లో, రువైస్‌లోని కంపెనీ ఆస్పత్రి క్వార్టర్స్‌లో నర్సు దయారాణి ఓవెన్‌లోంచి వేడి పళ్ళెం తీసి బల్ల మీద పెడుతుండగా తణుకు నుంచి అక్క ఫోన్ చేసింది.

"హ్యాపీ క్రిస్మస్ బుజ్జీ! ఏం వండావే?"

"కోడికూర. పక్కన తినడానికి కూగెల్ చేశానక్కా."

"అదేంటి?"

"గుమ్మడికాయ ఉడకబెట్టి మెదిపి, గుడ్లూ పంచదారా మైదా కలిపి ఓవెన్‌లో పెట్టడమే. ఇదివరకు మా వార్డులో పనిచేసిన కెనడా సిస్టర్ నేర్పింది."

"ఎంతమందికి చేశావ్?"

"ఎనిమిది మందికి. వార్డు వాళ్ళంతా భోజనానికొస్తున్నారు."

"అయితే నీ రూమ్మేట్ రేచెల్‌కి ఫోనియ్యి. హ్యాపీ క్రిస్మస్ చెప్తాను."

దయారాణి హాల్లోకి చూసింది. ఖాళీ కుర్చీలు తప్ప ఎవరూ లేరు.

"రేచెల్ లేదక్కా. అందరూ పొద్దున్నే బస్సు మాట్లాడుకుని అబుదాబీ చర్చికి వెళ్ళారు. నాకు సాయంత్రం డ్యూటీ పడింది."

"మరి అంత ఎందుకు చేశావే?"

"ఆ సిస్టర్ కొలతలు ఎనిమిది మందికే రాసిచ్చింది. ఒక్కదానికోసం తగ్గించుకోడానికి మనసొప్పలేదు."

"సరే, తిని చూడు. ఎలా ఉందో చెప్పు."

"బాగుందక్కా. మెత్తగా, తియ్యగా ఉంది."

"అబద్ధం. చెంచా చప్పుడే రాలేదు. కూర్చుని తిను. నువ్వు తిన్నంతసేపూ నేను ఫోన్ పెట్టను."

దయారాణి కుర్చీ లాక్కుని కూర్చుంది. చెంచాతో కాస్త తీసుకుని నోట్లో పెట్టుకోగానే, పొద్దుటి నుంచీ ఆపుకున్న ఏడుపు తన్నుకొచ్చింది. అక్క ఏమీ అడగలేదు. ఫోనూ పెట్టలేదు.