ఇనుముకు ఓటు లేదు

ఆ పానా కింద పెట్టు బావా. నీకు దండం పెడతాను, ఒక్క నిమిషం ఆగు. పొద్దున్నే గుక్కెడు కాఫీ అయినా తాగకుండా ఈ విధ్వంసమేంటి?

విధ్వంసమే! కాక మరేంటి? అప్పుడే ఆ పక్క బోల్టులన్నీ ఊడదీశావ్. ఒక్కో బోల్టు ఎక్కడుండాలో తేల్చుకోవడానికి మనం ఎన్ని సాయంత్రాలు గొంతులు చించుకున్నాం! విప్పడానికి మాత్రం మీటింగూ లేదు, తీర్మానమూ లేదు. చొక్కా చేతులు మడిచి ఒక్కడివే దిగిపోయావ్.

తెలుసు. షెడ్డు ఖాళీ కావాలి. కొత్తింటాయన తలుపులు అడిగాడు, చెక్క పరుచుకోడానికి చోటు లేదు. ఉన్న చోటంతా ఈ ఇనప పీనుగే ఆక్రమించింది. పీనుగని నేనే అంటున్నాగా, నువ్వు తలూపక్కర్లేదు.

సరే, విప్పు. కానీ వింటూ విప్పు.

అసలు తప్పెవరిదో తేలాలి బావా. నేను చదివిన పుస్తకాల్లో ప్రతి ఓటమికీ ఒక కారణం ఉంటుంది. ఆ కారణం ఎప్పుడూ అవతలివాడే. మరి ఇక్కడ అవతలివాడు ఎవడు? వెతుకుతున్నాను, దొరకడం లేదు.

నువ్వు పనిచేసిన ఫర్నిచర్ ఫ్యాక్టరీ ఓనరు అందామా? అనొచ్చు. సీఎన్‌సీ రౌటర్ కొంటున్నాను, ఇక ఉలి పట్టేవాళ్ళు సగం మంది చాలు అన్నాడు. కంప్యూటర్లో బొమ్మ పెడితే మోటార్లు కత్తిని నడిపించుకుంటూ చెక్క మీద అదే బొమ్మ చెక్కేస్తాయి, మీతో నాకేం పని అన్నాడు. నువ్వు లేచి ఉలి బల్ల మీద పెట్టేసి బయటికొచ్చావ్. నీ వెనకాలే మంచాల అన్న, కుర్చీల బాబాయి, ఇంకొందరు. అంతవరకూ బాగానే ఉంది. అంతవరకూ పుస్తకంలో ఉన్నట్టే ఉంది.

ఆ తర్వాత నేను నోరు తెరిచాను.

ఇదిగో, ఈ షెడ్డులోనే, ఈ రంపప్పొట్టు మీదే నిలబడి, యంత్రం మన శత్రువు కాదు, అది ఎవడి చేతిలో ఉందన్నదే ప్రశ్న అన్నాను. దున్నేవాడిదే భూమి అయితే చిత్రిక పట్టేవాడిదే యంత్రం అన్నాను. కొనలేకపోతే మనమే తయారుచేసుకుందాం, వాడిదానికంటే పెద్దది చేద్దాం అన్నాను. కుర్చీల బాబాయి ఈల వేశాడు. నువ్వు చప్పట్లు కొట్టావ్. అబద్ధమా? కొట్టావా లేదా?

అక్క ఒక్కతే గుమ్మంలో నిలబడి, "పెద్దదెందుకురా? పని చేసేది చాలు కదా" అంది. అక్కకి రాజకీయాలు తెలియవనుకున్నాం.

మొదట నేను గీసింది ఎంత? మనం అన్నం తినే బల్లంత. కింద ఒక చట్రం, దానికి రెండు పక్కలా పట్టాలు, పట్టాల మీద ఒక అడ్డదూలం, దూలానికి వేలాడుతూ కత్తి. అంతే. చేసేద్దుం బావా! ఆ బల్లంతది నెల తిరక్కుండా చేసేద్దుం!

కానీ మనది ప్రజాస్వామ్యం కదా. ఓటింగు పెట్టాను.

మంచాల అన్న, "మంచం పట్టీ పట్టాలి కదా తమ్ముడూ" అన్నాడు. చేతులెత్తాం, పొడుగు పెరిగింది. నీకు రెండు రెక్కల తలుపు ఒకేసారి పడుకోవాలి. చేతులెత్తాం, వెడల్పు పెరిగింది. కుర్చీల బాబాయి కుర్చీ కాలు నిలబెట్టి చెక్కాలి, పడుకోబెట్టి చెక్కితే అందం రాదట. చేతులెత్తాం, దూలం జానెడు పైకి లేచింది. ప్రతి ఒక్కరి అవసరమూ మనకి చట్టమే అని నేను గోడ మీద సుద్దతో రాశాను కూడా. ఇంకా అక్కడే ఉంది చూడు, నీ వెనకాల.

పొడుగు పెరిగితే దూలం నడుము దగ్గర కుంగింది. లావుపాటిది వేస్తే బరువెక్కింది. బరువెక్కితే మోటారు మూలిగింది. పెద్ద మోటారు పెడితే అది గుంజే గుంజుడికి చట్రం ఊగింది. చట్రం ఊగకుండా కాళ్ళు లావు చేస్తే పట్టాలు వాటి మీద సరిగా కూర్చోలేదు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నట్టుంది మన పని. నేను ఒక్కో చిక్కుకీ ఒక్కో కొత్త నమూనా గీశాను. ఎన్ని గీశానో అడక్కు.

జానెడు పైకి లేపిన ఆ దూలం ఉంది చూడు, దాని సంగతి చెప్పుకోవాలి ముందు. కత్తి కిందికి దిగాలంటే అంత పొడుగు వేలాడాలి. వేలాడేది ఊగుతుంది. ఊగేది గీత గీయలేదు. ఇందులో సిద్ధాంతమేం లేదు. నలుగురూ చేతులెత్తితే మనుషులు మారతారేమో, ఇనుముకు ఓటు లేదు బావా. ఉంటే ఆ రోజు అదొక్కటే వ్యతిరేకంగా వేసేది.

మొదటిసారి కత్తి తిప్పిన రోజు గుర్తుందా? తిన్నగా ఒక్క గీత. ఒక్కటంటే ఒక్కటి. అందరం చట్రం చుట్టూ మూగాం. షెడ్డంతా దడదడమంది, చట్రం పళ్ళు కొరికింది, మాడు వాసనొచ్చింది. పొట్టు ఊది చూస్తే, అక్క ఏమంది?

"ఇదేం గీతరా, చీమ తాగి ఇంటికెళ్ళినట్టుంది!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కుర్చీల బాబాయి మాత్రం నవ్వలేదు. మర్నాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర కనిపించాడు. ఎవడి కుర్చీ కాలు కోసం దూలాన్ని ఆకాశానికెత్తామో, వాడే ముందు దిగిపోయాడు! తర్వాత మంచాల అన్న వచ్చి, "పిల్లలున్నారు తమ్ముడూ" అన్నాడు. మరి పిల్లలు అంతకుముందు లేరా? ఉన్నారు. అంతకుముందు ఆశ కూడా ఉంది, అంతే.

ఓనరు అందర్నీ రానిచ్చాడు, నిన్ను తప్ప. మొదట ఉలి కింద పెట్టినవాడు మళ్ళీ గడప తొక్కకూడదట. యంత్రాన్ని మనది చేసుకుందామని బయల్దేరాం. ఇప్పుడు వాళ్ళంతా దానికి షీట్లు అందిస్తూ, పొట్టు ఊడుస్తూ, అది ఎర్రదీపం వేస్తే పరుగెత్తుతూ బతుకుతున్నారు. తిలా పాపం తలా పిడికెడు. నీకు మాత్రం గంపెడు.

ఏం, బిగుసుకుపోయిందా అది? ఆ మూల నేనే వెల్డింగు పెట్టాను, పానాకి రాదు. వదిలెయ్. అసలు అంతా వదిలెయ్ బావా. కాసేపు కూర్చో.

కూర్చోవా? పోనీ నిలబడే విను.

ఇంత గోలలోనూ మనం పూర్తిగా చేసింది ఒక్కటుంది. నీ పూలతీగ నగిషీ. యంత్రం తయారవగానే మొదట చెక్కాల్సింది అదేనని అందరం అనుకున్నాం. దానికి మాత్రం ఓటింగు అక్కర్లేకపోయింది. నువ్వు ఒక పలక తీసుకుని, పెన్సిలు గీతైనా పెట్టుకోకుండా, కిటికీ దగ్గర కూర్చుని చెక్కుకుంటూ పోయావ్. తీగ పాకి పాకి మూల దగ్గరికొచ్చేసరికి ఒక ఆకు వెనక్కి తిరిగి, ఇంకా ఎవరైనా వస్తున్నారా అన్నట్టు చూస్తుంది. ఎందుకలా అనడిగితే, మూలలో చెక్క రేఖ అడ్డం తిరుగుతుంది, ఉలి అటే పోతుంది అన్నావ్. అదంతా పలచ కాయితం మీదికి ఎత్తి, వంపు వంపూ, లోతు లోతూ కంప్యూటర్లోకి ఎక్కించాను. కళ్ళు వాచిపోయాయి. నా బతుకులో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదే.

చేసి ఏం చేశాను? అందరికీ పంచాను. విద్య దాచుకునేది కాదు, సొంత ఆస్తి అనే జబ్బు మనలోకి రాకూడదు అన్నాను. సభ్యులందరి దగ్గరా ఆ తీగ ఫైలు ఉండాలన్నాను. నువ్వు సరే, ఇవ్వు అన్నావ్. నువ్వెప్పుడు కాదన్నావు గనక!

అలా చూడకు. వస్తున్నా, అక్కడికే వస్తున్నా.

నిన్న కొత్తింటాయన దగ్గరికి గుమ్మాల కొలతలకి పంపావు కదా నన్ను. ఆయన ఇంట్లో లేడు, తాళమేసుంది అని చెప్పాను కదా.

ఉన్నాడు బావా.

ఉన్నాడు. లోపలికి రమ్మన్నాడు, మంచినీళ్ళిచ్చాడు. హాల్లో గోడకి ఆనించి తలుపులున్నాయి. ఇంకా అట్ట కూడా పూర్తిగా విప్పలేదు. అంచుల్లోంచి తీగ కనిపిస్తోంది. నేను నీళ్ళగ్లాసు పట్టుకుని అలా నిలబడిపోయాను. నువ్వే చేసిచ్చావేమో అనుకున్నాను, ఒట్టు! నాకు తెలియకుండా ఎప్పుడు చేశాడీయన అనుకున్నాను.

ఫ్యాక్టరీవట. కుర్చీల బాబాయి ఆ ఫైలు పట్టుకెళ్ళి ఇచ్చి ఉంటాడు, ఇంకెవరు ఇస్తారు? దొంగతనం అని కూడా అనలేను. ఇంటికెళ్ళి చొక్కా పట్టుకుంటే, "నువ్వేగా అబ్బాయ్ అందరిదీ అన్నావ్" అంటాడు. అప్పుడు నా దగ్గర ఏ పుస్తకం ఉంది, తెరిచి చూపించడానికి?

కొత్తింటాయన చెడ్డవాడు కాదు. "మీ బావ పనిలాగే ఉంది కదా బాబూ, పైగా చెప్పిన రోజుకి తెచ్చి పడేశారు. మీ బావని ఏమీ అనుకోవద్దని చెప్పు" అన్నాడు. గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు కూడా.

వచ్చేటప్పుడు దారంతా చెప్పాలనే అనుకున్నాను. ఇంటికొచ్చేసరికి నువ్వు ఈ మూలన కూర్చుని ఉలులు సానబెడుతున్నావ్. ఏదో కూనిరాగం తీస్తున్నావ్. ఎన్నాళ్ళయింది బావా నువ్వు కూనిరాగం తీసి! నోట్లోంచి తాళమేసుందనే మాట వచ్చింది. పొద్దున లేచేసరికి నువ్వు పానా పట్టుకుని షెడ్డులో ఉన్నావ్.

అందుకే విప్పొద్దంటున్నాను. ఈ చట్రం మీద ప్రేమ ఉండి కాదు. ఖాళీ చేశాక ఆ ఖాళీలో నువ్వు ఏం పరుస్తావ్? ఏం చెక్కుతావ్? నీ తీగతోనే నువ్వు పోటీపడాలి, అదీ ఉలితో, అదీ ఒక్కడివి. ఇది ఇలా అడ్డంగా పడుంటే కనీసం చోటు లేదని అయినా అనుకోవచ్చు కదా.

తిట్టు. నాలుగు తగిలించినా సరే. అలా పానా పట్టుకుని నిలబడకు.

ఏంటీ?

తీగ ఎలా వచ్చిందా?

అదా బావా నువ్వు నన్నడిగేది?

బాగా వచ్చింది. అబద్ధమెందుకు, చాలా బాగా వచ్చింది. ఊగలేదు, వణకలేదు. మూల దగ్గర ఆకు వెనక్కి తిరిగింది. లోతు కూడా నీ లోతే. దగ్గరికెళ్ళి వేలితో తడిమి చూశాను. పలక మీద పువ్వు కింద ఒకచోట నీకు ఉలి జారింది చూడు, ఎవరికీ కనపడదులే అన్నావ్, గోరంత గాటు? నేను దాన్ని కూడా వదలకుండా గీశాను. నీ చేతి గుర్తు కదా, ఉండాలి అనుకున్నాను.

ఉంది బావా. ప్రతి తలుపు మీదా, సరిగ్గా అదే చోట.