అక్క ఎక్కని కారు

ఇంటి వెనక షెడ్డు. రెండే సీట్ల పాత స్పోర్ట్స్ కారు, వెనక భాగం స్టాండ్ల మీదికి ఎత్తి ఉంది. కింద బావ పడుకుని ఉన్నాడు. పక్కన స్పానర్లు అందిస్తూ బావమరిది.

“బావా, ఎదురింటావిడ టైలరుతో ఏమందో విన్నావా? ఎక్కడో గుద్దుకున్న రెండు కార్లు తెచ్చి, దీని మొహానికి దాని వీపు అతికిస్తున్నావట.”

“అబద్ధమేం చెప్పలేదురా ఆవిడ. మొహం దీనిదే. వీపు ఇదే కంపెనీ కారుది, పదేళ్ల తర్వాత పుట్టింది. ఆ పెద్ద స్పానరియ్యి.”

“అంటే అన్నకి తమ్ముడి చెప్పులు తొడుగుతున్నావు.”

“చెప్పులు కాదు, కాళ్లే. ఇదివరకు వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి కట్టేసి ఉండేవి. ఒకటి గుంతలో పడితే రెండోది కూడా మూతి తిప్పేది, తోటికోడళ్లలాగా. ఇప్పుడు వేరు కాపురాలు పెట్టించాను. దేని స్ప్రింగు దానిది, దేని గుంత దానిది.”

“మరి బ్రేకులు?”

“పాతవి డ్రమ్ములు. తొక్కితే కాసేపు ఆలోచించుకుని పట్టేవి. ఇవి డిస్కులు. కాలు పెట్టడం ఆలస్యం, ఉడుంపట్టే.”

“హ్యాండ్ బ్రేకు తీగ జానెడు చాల్లేదన్నావు?”

“ఆ కొత్త మోడలు తీగే తెచ్చి వేశా. మీ అక్క దగ్గర అనకు ఆ మాట.”

“ఇదంతా అక్క కోసమేనా?”

“మరెవరి కోసం? ఆ కొండ దిగుడులో బ్రేకు పట్టకపోయిన దగ్గర్నుంచి దీన్లో కాలు పెట్టలేదు. నా పక్క సీట్లో పనిముట్ల పెట్టె కూర్చుంటోంది. రేపు మీ చిన్నక్క ఇంటికి దీన్లోనే తీసుకెళ్తా. ఎక్కలేదా, ఇక అమ్మేస్తా.”

“అసలా రోజు ఏం జరిగింది బావా?”

“ఆ వాషరియ్యి.”

“ఇదిగో. అసలేం…”

“బ్రేకు పట్టలేదు. కారు దిగింది. ఇసక కుప్పకి తగిలి ఆగింది. అయిపోయింది.”

“కుప్ప మీదికి భలే తిప్పావు కానీ!”

“ఊఁ.”

“అక్క చెయ్యి విరిగింది కదూ?”

“బెణికింది.”

“నీకు?”

“మోకాళ్లు గీసుకుపోయాయి. ప్యాంటు చిరిగింది.”

“కార్లో కూర్చున్నోడికి ప్యాంటెలా చిరిగింది?”

“లైటు ఇటు పట్టమన్నానా? పట్టు!”

“పట్టాను, పట్టాను… అదిగో, అక్కే వస్తోంది.”

“ఏమండీ, కాఫీ ఇక్కడ పెట్టనా, కారు కిందికి తోసెయ్యనా?”

“వస్తున్నా, వస్తున్నా. ముందు ఇటు వంగి ఈ డిస్కు చూడు.”

“చూశాను. పళ్లెంలా ఉంది.”

“పళ్లెమా! రేపు చెల్లెలింటికి దీన్లో వెళ్దాం.”

“మీరు వెళ్లండి. నేను బస్సులో వస్తా.”

“ఇంకా ఎందుకే భయం? వెనక మొత్తం మార్చేశాను. స్ప్రింగులు మార్చా, షాకబ్జార్బర్లు మార్చా, బ్రేకులు మార్చా. ఇంకేం మార్చాలో చెప్పు, అదీ మార్చేస్తా.”

“కాఫీ చల్లారిపోతోంది.”

“మాట దాటెయ్యకు. వీడే చెప్తాడు. చెప్పరా!”

“నిజమేనక్కా. బావ చక్రం తిప్పితే నేనే బ్రేకు తొక్కి చూశా, ఠక్కున ఆగింది. ఆ పాత బ్రేకులు నిన్ను మోసం చేశాయి కానీ ఇవి చెయ్యవు.”

“ఆ పాత బ్రేకుల్ని నేనెప్పుడూ ఏమీ అనలేదురా. పట్టినా పట్టకపోయినా చివరిదాకా నాతోనే ఉన్నాయి. మీ బావే మధ్యలో తలుపు తీసుకుని దూకేశారు.”