ప్రసూనాంబ ఫోటోకు బొట్టు పెట్టింది నేనే

నగరి పట్టణ పోలీస్ స్టేషన్. 2025 డిసెంబరు 1, సోమవారం, ఉదయం 10 గంటల 40 నిమిషాలు. ఎస్.ఐ. నందిత గారి ఎదుట నేను చెప్పగా హెడ్ కానిస్టేబులు రాసినది.

నా పేరు చంద్రకాంతమ్మ. భర్త పేరు మునిరామయ్య. వయసు యాభై రెండు. మరమగ్గాలకు దారం కండెలు చుట్టడం నా పని. ఏడో తరగతి వరకు చదివాను. నన్ను ఎవరూ పిలిపించలేదు. నా అంతట నేనే వచ్చాను. మా ఆయన కూడా వస్తానంటే వద్దన్నాను. ఆయన వస్తే మాట్లాడేది ఆయనే.

ప్రసూనాంబ గారు నాకు ఇరవై రెండేళ్లుగా తెలుసు. ఆమెకు నాలుగు మరమగ్గాలున్నాయి. ఆమె షెడ్డులోనే నేను పనిచేస్తాను. ఆమె భర్త దామోదరం గారు 2021 మే నెలలో కరోనాతో పోయారు. మగ్గాలు అమ్మేయమని బంధువులంతా చెప్పారు. ఆమె పదహారో రోజున షెడ్డు తలుపు తీసి మోటారు వేసింది. అంతకుముందు మగ్గం ఆగితే పుత్తూరు నుంచి మెకానిక్ వచ్చేదాకా కూర్చునేవాళ్లం. ఆమె నాలుగు నెలల్లో స్పానరు పట్టడం నేర్చుకుంది. ఇప్పుడు మా వీధిలో ఎవరి మగ్గం ఆగినా ఆమెనే పిలుస్తారు. ఇవన్నీ ఈ విచారణకు అవసరం లేదని హెడ్ కానిస్టేబులు గారు అన్నారు. అవసరమే. ఆమె ఎలాంటి మనిషో తెలియకపోతే తక్కినది అర్థం కాదు.

మలేషియా పోదామన్న మాట కూడా ఆమెదే. మా షెడ్డులో నేసిన చీరలు మలేషియా అంగళ్లలో అమ్ముతున్నారని పోయిన ఫిబ్రవరిలో మా చీరలు కొనే షావుకారు చెప్పాడు. ఆయన వెళ్లిపోయాక ఆమె మోటారు ఆపి, "మన సీరలు విమానం ఎక్కి పోయొస్తా ఉండాయి. మనం సెన్నై దాటి ఎరగం. పోదామా?" అంది. నేను నవ్వాను. తమాషాకు అంటోందనుకున్నాను. మరుసటి వారం తిరుపతి పోయి పాస్‌పోర్టుకు ఏమేం కావాలో రాసుకొచ్చింది. ఆమె, నేను, మా వీధి రేవతి, తిరుమలమ్మ, నలుగురం అనుకున్నాం. మా నలుగురిలో ఎవరూ అంతకుముందు విమానం ఎక్కలేదు. ఎవరి ఇంట్లో అడ్డు చెప్పినా ఆమే వెళ్లి ఒప్పించింది. మా ఆయన దగ్గర అరగంట కూర్చుంది. ఏం చెప్పిందో ఇప్పటికీ ఇద్దరూ నాకు చెప్పలేదు.

పాస్‌పోర్టులు నాలుగూ నా దగ్గర ఉంచారు. బీరువాకు సరైన తాళం ఉన్నది మా ఇంట్లోనే. నవంబరు 23, ఆదివారం ప్రయాణం. 21, శుక్రవారం ఉదయం ఆరు గంటలకు మా ఇంట్లో సుబ్రహ్మణ్యస్వామి పటం ముందు నాలుగు పాస్‌పోర్టులూ పెట్టి పూజ చేశాను. కొత్త మగ్గమైనా, కొత్త మోటారుసైకిలైనా మాకు పూజ చేయనిదే వాడే అలవాటు లేదు. అట్టల మీద పసుపు పెట్టి, కుంకుమ పెట్టి, హారతి ఇచ్చాను. అంతటితో లేచి ఉంటే నేనీ రోజు ఇక్కడికి వచ్చే పని ఉండేది కాదు.

ఒక్కొక్కటీ తెరిచి చూశాను. నా ఫోటోలో బొట్టుంది. రేవతి ఫోటోలో ఉంది. తిరుమలమ్మకు రూపాయంత ఉంది. ప్రసూనాంబ నుదురు బోసిగా ఉంది. దామోదరం గారు పోయినప్పటి నుంచి ఆమె బొట్టు పెట్టుకోలేదు. వద్దని ఎవరూ అనలేదు, ఆమెకే మనసు రాలేదు. రెండుసార్లు నేను అడిగితే మాట మార్చేసింది. ఆ ఫోటో చూస్తుంటే నాకు చెయ్యి ఊరుకోలేదు. కుంకుమ అయితే ప్లాస్టిక్ మీద నిలవదని తిలకం సీసా తెచ్చి, అగ్గిపుల్ల కొసతో ఆ ఫోటోకు చిన్న బొట్టు పెట్టాను. బాగా కుదిరింది.

అప్పుడే పసుపునీళ్ల గిన్నె నా మోచేతికి తగిలి ఆ పుటంతా తడిసింది. గుడ్డతో తుడిస్తే తడి పోయింది గాని పుట ముడుచుకుపోయింది. చీర ముడతపడితే ఏం చేస్తామో అదే చేశాను. ఇస్త్రీపెట్టె వేడిచేసి, పైన గుడ్డ వేసి రుద్దాను. ఫోటో మూల ప్లాస్టిక్ పైకి లేచింది. లేచిన చోట చీరలకు పెట్టే గంజి కొంచెం పూసి, పైన పప్పు డబ్బా బరువు పెట్టి ఆరనిచ్చాను. సాయంత్రానికి అతుక్కుంది. ఎంత బాగా చేశానో అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మలేషియాలో దిగినాక ఆమె తన ఫోటో చూసుకుని నన్ను తిట్టాలని, తిట్టి నవ్వాలని నా ఆశ.

ఆదివారం ఉదయం ఏడు గంటలకు నగరిలో వ్యాను ఎక్కాం. పులిహోర, చపాతీలు, నిమ్మకాయ ఊరగాయ పెట్టుకున్నాం. తిరుమలమ్మ పచ్చడి నూరుకోవచ్చని చిన్న రాతి కల్వం తెచ్చింది. ప్రసూనాంబ దాన్ని వ్యానులోనే వదిలేయించింది. పది గంటల పది నిమిషాలకు చెన్నై విమానాశ్రయం చేరాం. ఎక్కడ పెట్టె తూచాలో, ఎక్కడ వరుసలో నిలబడాలో ఆమే ఇంగ్లీషు బోర్డులు కూడబలుక్కుని మమ్మల్ని తీసుకుపోయింది. పాస్‌పోర్టు ముద్ర వేసే చోట మా ముగ్గురినీ ముందు పంపి తాను చివర నిలబడింది. మా ముగ్గురికీ ముద్రలు పడ్డాయి. ఆమె దగ్గర ఆగిపోయింది.

కౌంటరులో ఉన్న అధికారి పాస్‌పోర్టును వెలుతురుకు పట్టి చూశాడు. గోటితో మూల గీకాడు. ఇంకొక అధికారి వచ్చి ఆమెను అద్దాల గదిలోకి తీసుకుపోయాడు. మేం వెనక్కి రాబోతే రానివ్వలేదు. అప్పుడు సమయం పదకొండు దాటి ఇరవై నిమిషాలు. అద్దంలోంచి ఆమె మాకు కనపడుతోంది, మాట వినపడదు.

మరమగ్గాల చప్పుడులో కూడా మాట వినపడదు. అందుకే షెడ్డులో మేం చేతులతో మాట్లాడుకుంటాం. చూపుడువేలు వంచితే దారం తెగిందని. రెండు వేళ్లు మెలేస్తే ముడేస్తున్నానని. అరచెయ్యి ముందుకు తోస్తే నువ్వు ఆపొద్దు, నడిపించు అని. ఆమె అద్దం అవతల నిలబడి ఈ మూడూ వరుసగా చేసింది. వేలు వంచింది, వేళ్లు మెలేసింది, అరచెయ్యి మావైపు తోసింది. మేం కదలకపోతే మళ్లీ తోసింది. ముఖంలో కొంచెం కూడా భయం లేదు. ఏదో చిన్న కాగితం పని, ముడేసుకుని వెనకాలే వస్తుందనుకున్నాం. విమానం కదిలేవరకు నా పక్క సీటు ఆమెదే అని ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఒంటి గంట యాభై నిమిషాలకు ఆ సీటు ఖాళీగానే ఉండగా విమానం లేచింది.

దిగినాక ఫోను చేస్తే ఆమె అప్పటికే నగరిలో ఉంది. "ఏదో పేరులో అచ్చరం తేడా అంట. ఇంకో నెలకు సరి చేసిస్తారంట. మీరు నా కోసరం మొగాలు యాలాడేసుకోని తిరగొద్దండి, బాగా సూసి రండి," అంది. మేం నమ్మాం. ఆరు రోజులు తిరిగాం. గురువారం ఒక అంగట్లో మా షెడ్డు చీర కనపడింది. వెంటనే ఆమెకు వీడియో ఫోను చేశాను. మగ్గం పక్కనే నిలబడి చూసింది. "తిరగేసి సూపించు," అంది. చూపించాను. "అంచు దగ్గర ఇంకొంచెం బిగువు రావాల," అంది. మా వెనక ఉన్న అంగడి ఆవిడకు నమస్కారం పెట్టింది. ఆ రోజు ఉదయమే ఈ స్టేషను నుంచి కానిస్టేబులు ఆమె ఇంటికి వచ్చి, పాస్‌పోర్టులో ఫోటో మార్చినట్టు అనుమానమని, స్టేషనుకు రమ్మని చెప్పి వెళ్లాడట. ఆ సంగతి ఆమె ముఖంలో నాకు కనపడలేదు.

శనివారం సాయంత్రం మేం తిరిగొచ్చాం. ఆమె మా ఇంటికొచ్చి రెండు గంటలు కూర్చుని అన్నీ అడిగి చెప్పించుకుంది. విమానం లేచేటప్పుడు కడుపులో ఎట్లుంటుందో మూడుసార్లు అడిగింది. తన సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. ఆదివారం ఉదయం షెడ్డులో నేతపని చేసే చిన్నబ్బ నాతో, "అక్కకు బోలీసు కేసంట గదా. ఫోటో మార్చినాదంట. తానే సేసినానని ఒప్పుకున్నాదంట," అన్నాడు. చిన్నబ్బ కడుపులో ఏ మాటా నిలవదు, ఆ రోజు మాత్రం అది నాకు మేలే చేసింది.

అలాగే ఆమె ఇంటికి పోయాను. పొయ్యి దగ్గర ఉంది. "ఫోటోకు బొట్టు పెట్టింది నేను గదక్కా," అన్నాను.

"తెలుసు మే. గంజి వాసన కొడ్తా ఉండింది. నువ్వు గాక ఇంకెవురు సేస్తారు?"

"మరి నువ్వే సేసుకున్యానని ఎందుకు సెప్పినావు?"

"అది నీ దగ్గర ఉండిందని సెప్పింటే నిన్ను గూడా దింపేస్తారు. నువ్వు దిగితే వాళ్లిద్దరూ దిగుతారు. నలుగురం కల్వం ఎత్తుకోని ఇంటికి రావాల్నా? ఎవురు సేసినారని అడిగినాడు. నేనే అంటిని. అయిపాయ."

నేను ఏడ్చాను. ఆమె పొయ్యి తగ్గించి నా పక్కన కూర్చుంది. "బొట్టు బాగానే ఉండాదిలే. ఆ ఆపీసరు సూపించినబ్బుడు నేనూ సూసుకుంటిని. నాలుగేండ్లయ నా మొగం అట్ల సూసుకోని," అంది. స్టేషనుకు పోవద్దని నా చేత ఒట్టు వేయించుకోబోయింది. నేను వేయలేదు.

ప్రసూనాంబ గారు నవంబరు 28న ఇదే స్టేషనులో ఇచ్చిన వాంగ్మూలాన్ని ఎస్.ఐ. గారు ఇప్పుడు నాకు చదివి వినిపించారు. తిలకం తానే పెట్టానని, ఇస్త్రీ తానే చేశానని, గంజి తానే పూశానని అందులో ఉంది. ఇరవై రెండేళ్లలో ఆమె అబద్ధం చెప్పగా నేను వినలేదు. ఇదొక్కటే. అది కూడా నా కోసం. ఆమె చెప్పింది కొట్టేసి నేను చెప్పింది ఉంచమని కోరుతున్నాను. ఇది చిన్న తప్పు కాదని, నా మీద చర్య ఉండవచ్చని ఎస్.ఐ. గారు చెప్పారు. అర్థమైంది. నేను ఫోటో మార్చలేదు. ఆమె ముఖం మీద ఉండాల్సింది ఉంచాననుకున్నాను. అలా అనుకునే హక్కు నాకు లేదని ఇప్పుడు తెలిసింది.

ఆమె పాస్‌పోర్టు జప్తు చేస్తే మళ్లీ ఎప్పుడు ఇస్తారో చెప్పలేమన్నారు. అందుకని నా పాస్‌పోర్టు సంచిలో తెచ్చి ఎస్.ఐ. గారి బల్ల మీద పెట్టాను. ఎవరిదైనా ఒకటి ఆపుకోవాలంటే ఇది ఆపుకోండి. దీంతో నేను ఒకసారి పోయొచ్చాను. ఆమె ఒక్కసారి కూడా పోలేదు. ఒకరిది బదులు ఇంకొకరిది తీసుకునే పద్ధతి లేదని ఎస్.ఐ. గారు చెప్పారు. లేకపోయినా, నేను అడిగినట్టు రాయమన్నాను.

రాసినదంతా నిదానంగా చదివి వినిపించారు. నేను చెప్పినదే ఉంది, చెప్పనిది లేదు. ఇది నిజం. ఎవరి బలవంతమూ లేకుండా కింద సంతకం చేస్తున్నాను.

(సంతకం) చంద్రకాంతమ్మ
నా ఎదుట: (సంతకం) నందిత, ఎస్.ఐ.