ఏడు పోగుల పొట్టేలు

కోటిలింగం అని ఒకడు. వాడికి సగం చెయ్యడం తప్ప ఇంకో లెక్క రాదంట. బీడీ సగం కాల్చి సగం చెవి మీద పెడతాడు. దోసకాయ కోస్తే రెండు చెక్కలూ రెండు చేతుల్లో ఎత్తి చూసుకుని గానీ పెళ్ళాం నాంచారమ్మకి ఇవ్వడు. ఏం, నవ్వుతున్నావు పిచ్చమ్మొదినా? మీ ఆయన గడ్డం ఒకవైపు గీసుకుని టీ తాగడానికి పోతాడే, అదేం లెక్క? సరే వినండి. ఎనిమిదిళ్ళ వాళ్ళు కలిసి పొట్టేలు కోసుకుంటే పోగులు వేసేది కోటిలింగమే. తక్కెడ ముట్టడు, అంతా కంటి చూపే. తాటాకు చాప మీద మాంసం గుట్ట పోసి సగం చేస్తాడు, సగాల్ని పావులు చేస్తాడు, పావుల్ని అరపావులు చేస్తాడు. ఎనిమిది పోగులు. ఈ పోగులో ఎముక ఆ పోగులోకి, ఆ పోగులో కొవ్వు ఈ పోగులోకి మార్చి, కుదిరింది అన్నాకే ఎవరైనా ముట్టాలి. అంతవరకూ ఈగ కూడా వాలకూడదు. ఇరవై ఏళ్ళుగా ఒక్క పోగు మీద ఒక్కళ్ళు నోరెత్తలేదంట. ఈ ఊళ్ళో జనం నోరెత్తని విషయం అదొక్కటే అనుకో.

ఏమైందంటే, ఒక ఆదివారం కోటిలింగం ఇంటికి కొత్తల్లుడు ఉమాపతి వచ్చాడు. పన్నెండున్నర బస్సుకి తిరిగి వెళ్ళిపోవాలి. మొదటిసారి వచ్చిన అల్లుడు మాంసం ముక్క తినకుండా పోతే వాళ్ళమ్మ పదేళ్ళు చెప్పుకుంటుంది కదా, అందుకని నాంచారమ్మ పొద్దున్నే మసాలా నూరి కూర్చుంది. ఇక్కడేమో పొట్టేలు తెగింది, తలకాయ కాల్చడానికి మంట వేశారు, ఎనిమిదో ఇంటి సూరయ్య నల్లబట్టలతో వచ్చి "నేను మాల వేసుకున్నాను, నా పోగు వద్దు స్వామీ" అన్నాడంట. పొట్టేలు తెగిందాకా ఆయనకి భక్తి రాలేదు మరి. ఇక మిగిలింది ఏడిళ్ళు. ఏడు సగాల్లో రాదు కదా! కోటిలింగం చెవి మీది బీడీ తీసి, చూసి, మళ్ళీ పెట్టుకున్నాడంట. అలవాటుగా ఎనిమిది పోగులు వేశాడు. ఏడిళ్ళకి ఏడు పోయాయి, ఒకటి మిగిలింది. పోగు కోసం వచ్చిన రత్తమ్మ "అన్నా, అది నువ్వే తీసుకో, అల్లుడొచ్చాడుగా" అంది. "నా కత్తికి మచ్చ తెస్తావా? రేపు నీ అల్లుడొస్తే నీకూ రెండు పోగులు వెయ్యాలి" అని, ఆ మిగిలినదాన్ని మళ్ళీ సగం, పావు, అరపావు చేశాడు. పిడికెడేసి ఎనిమిది. ఏడు ఏడింటి మీద వేశాడు, ఒకటి మిగిలింది. మళ్ళీ మొదలెట్టాడు. ఉసిరికాయంతవి ఎనిమిది. ఏడు పోయాయి, ఒకటి మిగిలింది.

ఇంటి దగ్గర నాంచారమ్మ "ఎసరు ముప్పావు వంతు ఇగిరిపోయిందయ్యా!" అని గోడ మీంచి అరుస్తానే ఉందంట. చివరికి అల్లుడే సంచి భుజాన వేసుకుని వచ్చేశాడు. "మావయ్యా, బస్సు టైమైంది, వెళ్ళొస్తా" అన్నాడు. కోటిలింగం తల ఎత్తలేదు. "కాస్త పక్కకి జరుగు బాబూ, వెలుతురుకి అడ్డం" అన్నాడంట! అందరూ గుండె పట్టుకున్నారు. అల్లుడు జరిగాడు. జరిగి, వంగి చూశాడు. అప్పటికి రేగిపండంత ముక్కలు నడుస్తున్నాయి. "మావయ్యా, ఆ మూడోదాంట్లో కొవ్వు రవ్వంత ఎక్కువుంది" అన్నాడు. కోటిలింగం అప్పుడు తలెత్తాడంట. ఇరవై ఏళ్ళలో తన కంటికి సరితూగే కన్ను కనపడటం అదే మొదలు. "కూర్చో బాబూ" అన్నాడు. ఇద్దరూ గొంతుక్కూర్చున్నారు. బస్సు హారన్ కొట్టింది, పోయింది. ఒక్కడూ వెనక్కి తిరగలేదు.

శనగగింజంత ముక్క ఒక్కటి మిగిలింది. కోటిలింగం కత్తికి పదును పెట్టుకుంటున్నాడు, దాన్నీ ఎనిమిది చెయ్యాలని. అప్పుడు నాంచారమ్మ గరిటె పట్టుకుని వచ్చింది. "ఏమయ్యా, రోజూ నా కూరని ఏడు కంచాల్లో ఎలా వేస్తున్నాననుకున్నావు? తలా ఒక గరిటె, మిగిలితే తలా ఇంకో గరిటె, అయిపోయిందాకా!" అంది. "అది పంచడం కాదే, వడ్డించడం" అన్నాడు. "తినేవాళ్ళకి రెండూ ఒకటే" అని గరిటె ఎత్తింది. అందరూ గరిటె వంకే చూశారు. మళ్ళీ చాప వంక చూస్తే ముక్క లేదు! వెతికారు. చీమ అన్నారు, కాకి అన్నారు. కోటిలింగం మాత్రం చేతులు దులుపుకుని లేచి, "మిగిలింది లేదంటే సరిగ్గా కుదిరినట్టే" అన్నాడంట. బస్సు లేదు కాబట్టి అల్లుడు ఉండిపోయాడు, మూడున్నర సార్లు వడ్డించుకున్నాడు. ఆ అర ఎందుకంటే, మిగతా అర మావయ్య కంచంలో వేశాడు. ఇప్పుడు పొట్టేలు తెగితే అల్లుడూ వచ్చేస్తాడు, పోగులు ఇద్దరూ కలిసే వేస్తారు. అందుకే మధ్యాహ్నం కూర రాత్రికి తింటున్నాం.

ఆ శనగగింజంత ముక్కంటారా? సరిగ్గా కాలలేదంట గానీ, రుచిగానే ఉందంట. ఎవరన్నారా? ఎవరో అనుకుంటుంటే విన్నాలే. ఆ రోజు తలకాయ కాలుస్తూ మంట దగ్గర కూర్చుంది నేనే అయితే మాత్రం, అటు చూడటానికి నాకు తీరికెక్కడిది?