ముప్ఫై ఐదు అని రాసున్న సీసా

రంగుచేపల దుకాణం వెనకగదిలో, ఉప్పునీళ్ళ తొట్టి ముందు కోడలు, మామగారు.

“ఇంకో రెండు వెల్లకిలా తేలాయి మామయ్యా. పొద్దున్నించి తొమ్మిది.”

“చూశాను. కాసేపు కూచో తల్లీ. రెండు రోజులుగా నిలబడే ఉన్నావు.”

“కూచుంటే మళ్ళీ లేవలేను. పక్కవీధి షాపాయన దగ్గర ఉప్పు కొలిచే మీటర్ తెచ్చి చూశాను. లీటరుకి ముప్ఫై ఐదు గ్రాముల ఉప్పు ఉండాలా, నలభై మూడుంది. మన మీటర్ మాత్రం ముప్ఫై ఐదే అంటోంది.”

“ఆయన మీటరే తప్పేమో. ఆయన మాటలే సగం తప్పు.”

“చేపలు ఆయన మాటే నమ్మినట్టున్నాయి.”

“అది కాదు...”

“అందుకే మన ఉప్పు కలిపే ఆయన్ని పని మానెయ్యమన్నాను.”

“మానెయ్యమన్నావా? ఎప్పుడు?”

“ఇందాకే. బయట సామాను సర్దుకుంటున్నాడు.”

“పదకొండేళ్ళుగా ఉన్న మనిషమ్మా.”

“పదకొండేళ్ళుగా తొట్టిలో ఉప్పు కలిపేది ఆయన చెయ్యొక్కటే. నేను రెండు గరిటెలంటే నాలుగు వేసుంటాడు.”

“వెయ్యడు. పోయిన సోమవారం మీటర్ ఇరవై ఏడు చూపించిందని ఉప్పు వెయ్యమంది నువ్వే. వద్దమ్మా, నీళ్ళు బానే ఉన్నాయని కూడా అన్నాడు.”

“అన్నాడు. మీకెలా తెలుసు? మీరప్పుడు ఇక్కడ లేరుగా.”

“తలుపవతల ఉన్నాన్లే. టీ పెట్టనా?”

“టీ వద్దు. ఆ డిస్టిల్డ్ వాటర్ ఇలా ఇవ్వండి.”

“ఇప్పుడెందుకు?”

“ఉప్పే లేని నీళ్ళు చుక్క అద్దం మీద వేసి కంటి దగ్గర పెట్టుకుని చూస్తే, మీటర్‌లో గీత సున్నా దగ్గరుండాలి. కిటికీకి అడ్డం రాకండి మామయ్యా, వెలుతురు కావాలి... గీతే కనపడ్డం లేదు. సున్నా కిందకి జారిపోయింది.”

“మీటరే పాడైందన్నమాట. చూశావా, మనిషి తప్పు కాదు. ఆయన్ని పిలవనా?”

“ఆగండి. స్క్రూ తిప్పి సున్నాకి తెచ్చాను. ఇప్పుడు తొట్టి నీళ్ళు... నలభై మూడు. షాపాయన మీటర్ చెప్పిందే. మీటర్‌కేం రోగం లేదు.”

“అయితే ఇంకేం. నీళ్ళు మార్చేద్దాం, పద.”

“మారుద్దాం. ముందిది తేలాలి. రోజూ పొద్దున్నే మీటర్‌ని సరిచేసేది ఈ చిన్న సీసాతోనే కదా. కంపెనీ వాళ్ళ నీళ్ళు, కచ్చితంగా ముప్ఫై ఐదు. రోజూ ఒక చుక్క వేసి, స్క్రూతో గీతని ముప్ఫై ఐదుకి తిప్పుతూ వచ్చాను. ఇప్పుడు స్క్రూ ముట్టుకోకుండా అదే చుక్క... చూడండి.”

“నా కళ్ళకేం కనపడుతుంది.”

“నలభై మూడు. సీసాలో నీళ్ళే తప్పు. నలభై మూడుని పట్టుకుని ఇదే ముప్ఫై ఐదని మీటర్‌కి రోజూ నేర్పాను. అది ఎనిమిది మింగేసి చెప్తుంటే, తక్కువుందని ఉప్పు పోయించాను.”

“నువ్వు కావాలని చేశావా ఏంటి.”

“నేను చెయ్యలేదు, ఎవరో చేశారు. ఈ అరలో చెయ్యి పెట్టేది నేనూ, ఉప్పాయనే. సీసాలో నీళ్ళు మార్చేసి, పైగా ఉప్పు వద్దమ్మా అని నాకు నీతులు. ఇక ఈ చుట్టుపక్కల ఏ షాపులోనూ రానివ్వద్దని ఫోన్ చేసి చెప్తాను.”

“వద్దు. కడుపు మీద కొట్టకు తల్లీ.”

“తొమ్మిది ప్రాణాలు మామయ్యా.”

“తెలుసు. ఫోన్ కింద పెట్టు. పెట్టమ్మా. పోయిన ఆదివారం అర తుడుస్తుంటే సీసా నా చేతిలోంచి జారి ఒలికిపోయింది. నేనే ఉప్పు కలిపి నింపేశాను.”

“మీరా?”

“కొత్త సీసా వచ్చేసరికి వారం పడుతుందన్నావు కదా ఆమధ్య. ఈ మీటర్లవీ రాకముందు నలభై ఏళ్ళు నాలిక మీద చుక్క వేసుకునే కదా చేపల్ని బతికించాను. అలాగే చూశాను. చప్పగా అనిపించింది. ఇంకాస్త వేశాను. మళ్ళీ చూశాను. ఇంకాస్త.”

“మీ నాలిక అంత తప్పు చెప్పదు మామయ్యా. ఆయన కోసం మీ మీద వేసుకోకండి.”

“వేసుకోవడం లేదమ్మా. మొన్నామధ్య జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నించి నాకు ఉప్పు తెలీడం లేదు. కూరలో సరిపోయిందా అని నువ్వడిగిన ప్రతిసారీ నీ మొహం చూసి సరిపోయిందన్నాను. సీసా దగ్గర చూడ్డానికి ఏ మొహమూ లేదు.”